అమావాస్య నాటి సైట్ విజిట్

ఎన్నికల ఖర్చులు చూసే డ్యూటీ పడిందని మా కొత్తపేటలో ఉండే ఇద్దరు కొత్త ఉద్యోగులు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఇద్దరూ మొదట అడిగింది ఒకటే. "నోట్ల సంచులు ఎన్ని పట్టుకున్నరు సార్?"

ఒక్కటి కూడా పట్టుకోలేదు. ఆ పని పోలీసులది, రోడ్ల మీద చెక్‌పోస్టుల్లో నిలబడే వాళ్లది. నేను సహకార శాఖలో ఆడిటర్‌ని. ఎన్నికలు వచ్చినప్పుడల్లా నన్ను పిలిచి నాలుగైదు వార్డుల అభ్యర్థుల ఖర్చులు అప్పగించేవారు. ఆ పని ఎలా ఉంటుందో పుస్తకాల్లో లేదు. పుస్తకాల్లో నియమాలుంటాయి. అందుకే నా పాత డైరీలు ముందు వేసుకుని ఇది రాస్తున్నాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాయడం నా అలవాటు. తేదీ, తిథి, ఎక్కడికి వెళ్లాను, ఎవరేమన్నారు. అంతకుమించి ఉండదు.

అసలు పని

కంపెనీలు అభ్యర్థులకు ఇచ్చేది చాలావరకు డబ్బు రూపంలో ఉండదు. ఒక లారీ వస్తుంది, అది ఎవరిదో తెలియదు. ఒక ఫంక్షన్ హాలు రెండు రోజులు ఖాళీగా దొరుకుతుంది. ఒక ఫ్యాక్టరీకి ఆ వారం సెలవిస్తారు, మనుషులు మాత్రం జెండాలు పట్టుకుని కనిపిస్తారు. అభ్యర్థిని అడిగితే "అభిమానం సార్" అంటాడు. కంపెనీని అడిగితే "మాకు తెలియదు" అంటుంది.

అప్పటి నియమం క్లుప్తంగా ఇది. కంపెనీ పుట్టి మూడు ఆర్థిక సంవత్సరాలు నిండకపోతే అది ఏ పార్టీకీ, ఏ అభ్యర్థికీ ఏమీ ఇవ్వకూడదు. నేరుగానూ కూడదు, చుట్టు తిప్పీ కూడదు. బస్సు పంపినా, భోజనం పెట్టినా ఇచ్చినట్టే. అభ్యర్థి అనుమతి లేకుండా అతని కోసం ఎవరైనా ఖర్చు పెడితే అది పెట్టినవాళ్ల మీద కేసు. ఈ రెండో మాట గుర్తుంచుకోండి. దీనివల్లే ఒక ఆడపిల్ల బతుకు నా చేతిలో చెడిపోబోయింది.

కుర్చీల పాఠం

నేను చెప్పబోయేది ఉద్యమం మళ్లీ రాజుకుంటున్న రోజుల్లో వచ్చిన బల్దియా, అంటే నగర కార్పొరేషన్, ఎన్నికల సంగతి. నాకు పై అధికారి సుభద్ర మేడమ్. తెనాలి వైపు మనిషి, వనస్థలిపురంలో ఉండేవారు. ఎల్‌బీనగర్ సర్కిల్ ఆఫీసులో మా ఇద్దరికీ ఒకటే గది, ఒకటే ఫ్యాను.

మొదటి వారంలో కొత్తపేటలో తెలంగాణ పాటల సభ ఒకటి జరిగింది. మా వార్డు అభ్యర్థి ఒకాయన, ఉద్యమంలో తిరిగే మనిషి, వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. నేను కుర్చీలు, మైకు, టెంటు, టీ, అన్నీ లెక్కగట్టి ఆయన ఖాతాలో రాసేశాను. మేడమ్ చదివి కళ్లద్దాలు తీశారు.

"ఈ కుర్చీలు ఎవరిచ్చారో అడిగారా?"

"అభ్యర్థి వచ్చిండు కద మేడమ్."

"వచ్చాడు. వింటానికి వచ్చాడేమో. వెళ్లి అడిగి రండి."

వెళ్లి అడిగాను. మైకు ఒక సౌండ్ సర్వీస్ అతను ఊరికే ఇచ్చాడట. టీ ఒక హోటలాయన పోశాడట. కుర్చీలు నాలుగు గల్లీల ఇళ్ల నుంచి మోసుకొచ్చారు. ఒక ముసలాయన నా మీద గరమైండు. "మా కుర్సీలు మేమే ఏసుకున్నం. ఆయన కూసున్నంత మాత్రాన గవి ఆయనయి అయితయా? రేపు మా ఇంట్ల కూసుంటే ఇల్లు గూడ రాస్తవా?"

ఆ పేజీ మొత్తం కొట్టేశాను. కొత్తవాళ్లు గమనించండి. వస్తువు కనిపించగానే రాయడం సులువు. అది ఎవరి ఇష్టంతో, ఎందుకు వచ్చిందన్నదే మన పని. ఇంట్లోంచి కుర్చీ తెచ్చినవాడు అభ్యర్థి నుంచి ఏమీ కోరడు. కంపెనీ అలా ఇవ్వదు.

నాలుగు బస్సులు

అదే అభ్యర్థి ఊరేగింపు ప్రచారం చివరి వారంలో కర్మన్‌ఘాట్ దగ్గర జరిగింది. మా వీడియో అతను తీసుకొచ్చిన టేపులో నాలుగు బస్సులు కనిపించాయి. ముందు అద్దం మీద, రెండు పక్కలా అభ్యర్థి బ్యానర్లు కట్టారు. వెనుక కట్టడం మరిచారు. వెనుక పెద్ద అక్షరాలతో "మీ సొంత ప్లాటు, మీ పిల్లల భవిష్యత్తు" అని ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ పేరుతో సహా ఉంది.

మన వైపు వాళ్లకు ఈ బస్సుల సంగతి చెప్పనక్కర్లేదు. ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కించుకుని, హైవే మీద బాటసింగారం దాటి తీసుకెళ్లి, రాళ్లు పాతిన భూమి చూపించి, భోజనం పెట్టి తిరిగి దింపుతారు. దాన్ని సైట్ విజిట్ అంటారు. చార్జీ ఉండదు. ప్లాటు కొనని వాళ్లు కూడా భోజనానికి పోయి వచ్చేవారు.

కంపెనీ వయసు రెండేళ్లు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మిఠాయి దుకాణం పైన రెండో అంతస్తులో ఆఫీసు. వివరణ అడిగితే రాతపూర్వకంగా జవాబిచ్చారు. బస్సులు మావే, ఆ రోజు కస్టమర్లను సైట్ విజిట్‌కు తీసుకెళ్లాం, తిరిగి వస్తూ వాళ్లు కర్మన్‌ఘాట్ హనుమంతుడి దర్శనం కావాలన్నారు, గుడి దగ్గర ఊరేగింపు ఎదురైతే దిగి చూశారు, బ్యానర్లు ఎవరో కట్టి ఉంటారు. రుజువుగా సైట్ విజిట్ రిజిస్టర్ నకలు, కస్టమర్లకు ఇచ్చే పాసు ఒకటి జతచేశారు. రిజిస్టర్‌లో ఆ రోజు పేజీల నిండా పేర్లు. ప్రతి పేజీ కింద రిసెప్షన్‌లో పనిచేసే స్వరూప అనే అమ్మాయి సంతకం.

మేనేజర్ యాదగిరి నల్లగొండ జిల్లా మనిషి, మాటకారి. "మనోళ్ల సంగతి నీకు ఎరికే కద సార్. ఊరేగింపు కనవడితే పెండ్లికి పొయ్యేటోడు గూడ ఆగుతడు."

ఫలితాలు వచ్చాయి. అభ్యర్థి ఓడిపోయాడు. "ఓడినోనికి ఖర్చు లెక్కలెందుకు సార్, గెలిచినోన్ని అడుగుండ్రి" అన్నాడు. లెక్క ఇద్దరికీ ఉంటుంది. సరిగ్గా ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి పనికిరారు.

ఇంతలో ఉద్యమం భగ్గుమంది. ఎక్కడ చూసినా ర్యాలీలు, బంద్‌లు. ఆ రోజుల్లో ప్రతి కాగితానికీ ప్రాంతం అంటగట్టేవారు. కంపెనీ యజమాని ప్రసాదరావు గారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవారు. అభ్యర్థి మా తెలంగాణవాడు. మా సెక్షన్‌లో ఒకాయన నా చెవిలో సలహా చెప్పాడు. "కంపెనీని గట్టిగ వట్టు. మనోన్ని ఇడిసిపెట్టు."

"ఇచ్చినోడు ఉంటే తీసుకున్నోడు ఉండడా అన్నా?" అన్నాను.

"గదే మరి, జర ఆలోచించు."

నేను కూడా తెలంగాణ రావాలని కోరుకున్నవాణ్నే. పోచంపల్లి నుంచి మా నాన్న మగ్గం వదిలి పట్నం ఎందుకు వచ్చాడో నాకు తెలుసు. కానీ కోరిక వేరు, డ్యూటీ వేరు అని ఆ నెలలో రోజుకు నాలుగుసార్లు నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది.

నేను చేసిన తప్పు

సొసైటీల ఆడిట్‌లో మాకు ఒక పద్ధతి ఉంది. రిజిస్టర్ మీద సంతకం ఎవరిదో వాళ్లను పిలవాలి. సొసైటీలో సంతకం పెట్టేది కార్యదర్శి, తాళాలు ఉండేదీ ఆయన దగ్గరే. కాబట్టి ఆ పద్ధతి అక్కడ చెల్లుతుంది. ముప్పై ఏళ్లు అదే చేసిన చెయ్యి ఇక్కడా అదే చేసింది. స్వరూప పేరు మీద నోటీసు రాసి కంపెనీ చిరునామాకు పంపాను.

ఆమె వచ్చింది. పక్కన యాదగిరి కూడా వచ్చాడు. నేను ఏది అడిగినా జవాబు ఆయనే చెప్పాడు. ఆమె బల్ల వైపు చూస్తూ ఒకే ఒక్క మాట అన్నది. "రిజిస్టర్‌ల ఉన్నదే సార్." పావుగంటలో పంపించేశాను. మంచి విచారణ చేశానని కూడా అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే ఆమె తల్లి లక్ష్మమ్మ మా ఇంటికి వచ్చింది. పోచంపల్లి వాళ్లే, మాకు రెండు గల్లీల అవతల కిరాయికి ఉండేవారు. రైతుబజారు సంచి ఇంకా చేతిలోనే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, నా బిడ్డ నీకేం చేసింది?"

"ఏమైందమ్మా?"

"గా నోటీసుల దాని పేరెందుకు రాసినవ్? మాలిక్‌ది రాయాలె, మేనేజర్‌ది రాయాలె. ఫోన్లు ఎత్తే పిల్లది రాస్తరా ఎవలన్న?"

విషయం మెల్లగా చెప్పింది. నా దగ్గరికి వచ్చిపోయిన మర్నాడు యాదగిరి స్వరూప ముందు ఒక టైపు చేసిన కాగితం పెట్టాడు. బస్సులు నేనే నా ఇష్టంతో పంపాను, కంపెనీకి తెలియదు అని అందులో ఉంది. శుక్రవారం లోపల సంతకం పెట్టాలి. పెట్టకపోతే శనివారం నుంచి రానక్కర్లేదు.

సంతకం పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. కేసు కంపెనీ మీద నుంచి జారి నేరుగా ఆ అమ్మాయి నెత్తిన పడుతుంది. పెట్టకపోతే కొలువు పోతుంది. ఆమె తండ్రి చీరల దుకాణంలో మడతలు పెట్టే పనిలో ఉండేవాడు. ఇంటి కిరాయి స్వరూప జీతం మీదే నడిచేది.

"పెట్టొద్దని చెప్పమ్మా" అన్నాను.

"చెప్తా. కిరాయి నువ్వు గడ్తవా?"

లక్ష్మమ్మ గుమ్మం దాకా పోయి, తనలో తాను గొణుక్కుంటున్నట్టు అన్నది. "ఆ రోజే అనుకున్న. అమావాస్య నాడు వాళ్ల బస్సే ఎల్లది. ఎన్నడు లేంది పొద్దుగాల్నే ఫోన్ జేసి డూటీకి రమ్మన్నరు. అమావాస్య పూట భూమి జూడ ఎవలు వోతరు?"

ఆమె వెళ్లాక డైరీ తీశాను. ఊరేగింపు రోజు పేజీ మీద నా చేతిరాతతోనే ఉంది, కార్తీక బహుళ అమావాస్య. తిథిని నేను అలవాటుగా రాసేవాణ్ని తప్ప ఎన్నడూ చదివినవాణ్ని కాదు.

ఆఫీసుకు పోయి ఫైలు విప్పాను. వాళ్లు జతచేసిన పాసు ముందు వైపు కమాను, కొబ్బరి చెట్ల బొమ్మ. వెనుక చిన్న అక్షరాల్లో షరతులు. పిల్లలను వెంట తేవచ్చు. భోజనం ఉచితం. అమావాస్య రోజుల్లో, మూఢంలో సైట్ విజిట్ ఉండదు.

వాళ్ల కాగితమే. వాళ్లే అచ్చు వేయించి, వాళ్లే రుజువుగా పంపారు. మూడు వారాలుగా నా ఫైల్లోనే ఉంది. నేను దాన్ని తిప్పి చూడలేదు.

బంద్ రోజు

గురువారం సాయంత్రం మేడమ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"సంతకం పెట్టినవాళ్లని పిలిచారు. పెట్టించినవాళ్లని కదండీ పిలవాల్సింది."

"తప్పయింది మేడమ్."

"రేపు, ఎల్లుండి బంద్. ఈ గొడవల్లో ఆదివారం దాకా ఆ కంపెనీ కూడా తెరవరు. అంటే ఆ అమ్మాయికి సోమవారం దాకా టైముంది. మీరు ఆఫీసుకి రండి, నేనూ వస్తా."

శుక్రవారం కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు ఒక్క లారీ లేదు. నడుచుకుంటూ వెళ్లాను. ఎల్‌బీనగర్ చౌరస్తాలో రోడ్డు మధ్య పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. కుర్రవాళ్లు ఆపారు. "ఏడికి పెద్దమనిషీ? బంద్ల ఆఫీసేంది?"

"తెర్వడానికి కాదు బిడ్డా. ఒక కాగితం తప్పు వోయింది, దిద్దాలె."

"జై తెలంగాణ అను, పో."

అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. విస్తరిలో ఇంత అన్నం కూడా పెట్టారు, తిని వెళ్లాను.

మేడమ్ వనస్థలిపురం నుంచి నడిచి అప్పటికే వచ్చి ఉన్నారు. "నన్నూ ఆపారండీ. నా మాట వినగానే ఏ జిల్లా అని అడిగారు. గుంటూరు జిల్లా, కానీ మీ వార్డు లెక్క చూడ్డానికే పోతున్నా అన్నాను. నవ్వి మంచినీళ్లిచ్చారు."

కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు. కిటికీ దగ్గర కూర్చుని రెండు కాగితాలు రాశాం. ఒకటి, స్వరూపకు ఇచ్చిన నోటీసు ఉపసంహరిస్తున్నాం, ఈ విచారణలో ఆమె వాంగ్మూలం అవసరం లేదు. రెండోది నేరుగా యజమానికి. మీ పాసు వెనుక షరతు ప్రకారం ఆ రోజు సైట్ విజిట్ ఉండకూడదు, నాలుగు బస్సులు ఎందుకు బయలుదేరాయో మీరే జవాబు చెప్పాలి. లక్ష్మమ్మ చెప్పిన మాట రెండింట్లోనూ ఎక్కడా రాలేదు. రాయనక్కర్లేకపోయింది.

"తపాలాలో వద్దు, మీరే చేతికివ్వండి. ఆ అమ్మాయి వినేలా చదవండి" అన్నారు మేడమ్.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది ఇదే. మనిషి నోటితో తెలిసింది దారి చూపించాలి. రుజువు మాత్రం కాగితంలో దొరకాలి. అప్పుడు చెప్పిన మనిషి మీదకు ఎవరూ రారు. ఒకవేళ కాగితంలో దొరకకపోతే ఆ మనిషిని ఇరికించే ముందు పదిసార్లు ఆలోచించండి. కేసు పోతే పోయింది.

సోమవారం

యజమాని గదికి అద్దాల తలుపు. లోపల ప్రసాదరావు గారు, యాదగిరి. బయట స్వరూప బల్ల. నేను తలుపు దగ్గరే నిలబడి మొదటి కాగితం గట్టిగా చదివాను. ఆమె తల ఎత్తలేదు. పెన్ను మాత్రం ఆగింది.

రెండోది చదవగానే యాదగిరి అందుకున్నాడు. "అమావాస్యకు గూడ ఒక్కొక్కపారి పోతరు సార్. గీ కాలంల ఎవలు వట్టించుకుంటుండ్రు?"

"రిజిస్టర్ అసలు పుస్తకం తెప్పించు. ఇంకొక్క అమావాస్య చూపించు. ఒక్కటి చాలు."

యాదగిరి పుస్తకం తెచ్చి ఏడాది పేజీలు తిప్పాడు. నా డైరీ పక్కన పెట్టి నెల నెలా తేదీ చెబుతూ వచ్చాను. ప్రతి చోటా ఆ తేదీ ఖాళీ. ఏడో నెల దగ్గర ప్రసాదరావు గారు చెయ్యి ఎత్తారు.

"ఆపవయ్యా యాదగిరీ. అమావాస్య పూట నేనే గడప దాటను. నా కస్టమర్లు దాటారంటే ఎవడు నమ్ముతాడు?"

నా వైపు తిరిగారు. "ఇచ్చానండీ. బస్సులూ, భోజనాలూ నేనే పంపించమన్నాను. అభ్యర్థి మనుషులొచ్చి అడిగారు. ఇవ్వకపోతే రేపు మా లేఅవుట్ కాగితం కదలదేమోనని భయం. గెలిస్తే మనల్ని గుర్తుపెట్టుకుంటాడని కొంచెం ఆశ కూడా."

ఆ నియమం ఎందుకుందో నేను చదివిన ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు. అదే మాట రాసివ్వమన్నాను. రాసి సంతకం చేశారు.

తరువాతి సంగతి రెండు మాటల్లో చెప్తాను. బస్సులు, భోజనాల ఖర్చు మార్కెట్ ధర ప్రకారం అభ్యర్థి ఖాతాలో చేరింది. ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, అయిదో రోజు సంతకం పెట్టాడు. నిషేధం ఉన్న కంపెనీ ఇచ్చిందన్న నివేదిక పైకి వెళ్లింది. జరిమానా పడిందని విన్నాను, ఎంతో నాకు తెలియదు. మన నివేదిక మీద పైన ఏం జరిగిందో చాలాసార్లు మనకు తెలియదు. ఆ బాధ పెట్టుకోకండి. నేను పెట్టుకోలేదు, హాయిగానే రిటైరయ్యాను.

ఆ సోమవారం ఇంకొంచెం మిగిలి ఉంది. నేను ఫైలు సర్దుకుంటుంటే స్వరూప లేచి అద్దాల తలుపు తెరిచింది. చేతిలో మడతపెట్టిన కాగితం. యాదగిరి ఇచ్చినది, కింద సంతకం జాగా ఖాళీగా ఉంది. దాన్ని యజమాని బల్ల మీద పెట్టింది.

"గిది నేను పెట్టలే సార్. పెట్టను గూడ. రేపటి నుంచి నేను రావాల్నా, వద్దా? సారు ఉన్నప్పుడే చెప్పుండ్రి."

ప్రసాదరావు గారు కాగితం విప్పి చదివారు. ఆయనకు ఆ సంగతి అంతకుముందు తెలుసో తెలియదో ఆయన ముఖం చూసి నేను చెప్పలేను. రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు.

"రాక? ఫోన్లెవరు ఎత్తుతారమ్మా?"

"రిజిస్టర్ నేను రాయ. యాదగిరి సారు రాస్తడు."

యాదగిరి నోరు తెరిచాడు. యజమాని ఆయన వైపు చూడగానే మూశాడు. "రాస్తాళ్లే" అన్నారు ప్రసాదరావు గారు.

బయట ఆమె బల్ల మీద ఫోన్ అప్పటికే మోగుతోంది. వెళ్లి కూర్చుని, కొంగు సర్దుకుని, ఎత్తింది. నేను మెట్లు దిగుతుంటే ఆమె గొంతు వినిపించింది, ఎప్పటి లాగే మర్యాదగా, తొందర లేకుండా.

"నమస్తే సార్. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి. అందరు రావొచ్చు సార్. భోజనం మాదే."